ఫ్రీ బేల్దారి డాక్టరు

మా చిన్నప్పుడు... డెబ్భైలనాటి మాట... ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగడిలో మా సోషల్ సారు నరసింహులు వారపత్రిక పట్టుకుని అందరికీ వినపడేలా చదివేవాడు. ఆ వారం అందులో ఎర్ర అక్షరాల వ్యాసం ఒకటి. పుర్రె బొమ్మ, దాని మీద వృత్తలేఖిని, మూలమట్టం. ఫ్రీమేసన్లనే రహస్య సంఘం వాళ్లు తలుపులు మూసుకుని పుర్రెల్లో నెత్తురు తాగుతారట... ప్రపంచాన్నంతా వాళ్లే ఆడిస్తున్నారట.

"మేసనంటే ఎవరు సారూ?" అని ఎవరో అడిగారు.

"బేల్దారి." మా సీమలో గోడలు కట్టే మేస్త్రీని బేల్దారి అంటాం.

"ఫ్రీ బేల్దారా? మా వంటింటి గోడ పడిపోయింది. రమ్మను సారూ, పుణ్యముంటాది!"

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. పత్రిక మడిచి, గొంతు తగ్గించి, "నంద్యాల సుందరం డాక్టరు కోటుకు చూడండప్పా... ఇదే బొమ్మ" అన్నాడు.

అంతే... నవ్వు ఆగిపోయింది.

ఆ డాక్టరు కోటుకు నిజంగానే ఆ బిళ్ల ఉండేది. నెలకోసారి రైలెక్కి ఏదో సమావేశానికి పోయి వచ్చేవాడు. అప్పుడే కోయిలకుంట్ల దారిలో ఒక వంతెన కడుతున్నారు. వంతెన నిలవాలంటే పునాదిలో పిల్లల తలకాయలు వేయాలనే పుకారు అప్పటికే ఉంది. బేల్దారులు, వంతెన, తలకాయలు... సాయంత్రానికల్లా మూడూ అతుక్కున్నాయి. తలకాయలు పంపేది సుందరం డాక్టరేనని ఊరంతా తేల్చేసింది.

మాకు ఆ వారమే నంద్యాల పోవలసిన పని ఉంది. మా చెల్లెలు నాగమణికి అప్పుడు ఆరేళ్లు. మోకాలి కింద ఎముకలో చీము పట్టింది. వారంలోగా ఆపరేషన్ చేయాలి, ఆలస్యమైతే కాలు సరిగా ఎదగదని చెప్పి పంపింది సుందరం డాక్టరే.

మా నాయన మా స్కూల్లోనే లెక్కల సారు. మరుసటి రోజు నేరుగా టీ అంగడికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"నువ్వు చూసినావా సారూ, నెత్తురు తాగేది?"

"చూడనిస్తే అది రహస్యమెట్లయితాది లెక్కలాయనా? రుజువు దొరకలేదంటేనే ఎంత గుట్టుగా చేస్తాండారో తెలీడంలా?"

"అట్లైతే మీ దొడ్లో పులి ఉంది. కనపడదు. కనపడకపోవడమే రుజువు. పో, ఇంటికి పోయి గొళ్లెం పెట్టుకో."

టీ తాగేవాళ్లు పడిపడి నవ్వారు. నాయన సంచిలోంచి, తరగతిలో బోర్డు మీద గీసే చెక్క వృత్తలేఖిని, మూలమట్టం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి నా దగ్గరా ఉండాయి. ఎన్ని తలకాయలు కోసినానో చెప్పు."

"కొయ్యడంలా సారూ, పిల్లోళ్ల తలకాయలు రోజూ తింటాండావు!" అన్నాడు టీ పోసే ఆయన.

వాదం నాయన గెలిచాడు. అందులో అనుమానం లేదు. కానీ గెలిచిన వాదం అంగడి గడప దాటలేదు... పుకారు మాత్రం మాకన్నా ముందే ఇంటికొచ్చి కూర్చుంది.

"పది మాటల్లో తొమ్మిది అబద్ధాలే కానీయ్. ఆ ఒక్కటి నిజమైతే పోయేది నా బిడ్డే గదయ్యా..." అంది అమ్మ.

చెల్లెలిని ఒళ్లోంచి దించలేదు. నాయన బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేశాడు. కాలికి పసరు కట్లు కట్టారు. పిల్ల ఒళ్లు తెలియని జ్వరంలో పలవరించడం మొదలుపెట్టాక గానీ అమ్మ నంద్యాల బస్సెక్కలేదు. ఆమెను నేను తప్పుపట్టను. భయపడిన తల్లి ఆమె. ఆ భయాన్ని తెచ్చి పంచినవాడిని మాత్రం ఈ రోజుకీ వదలను.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఎవరు కూర్చున్నారనుకున్నారు?... నరసింహులు సారు! పక్కన కొడుకు, చేతికి కొత్త సిమెంటు కట్టు. చింతచెట్టు మీద నుంచి పడ్డాడట. పడగానే దొరికిన బస్సెక్కించి అక్కడికే తెచ్చాడట.

నాయన ఆ కట్టు కేసి, సారు కేసి చూశాడు. సారే అన్నాడు... "డాక్టరు చెయ్యి మంచిది లెక్కలాయనా. అదీ... పేపర్లో రాసింటే చదివితి. అంతే గదా."

అంతే గదా!

డాక్టరు మా చెల్లెలి ప్రాణం నిలిపాడు, కాలు కూడా దక్కించాడు. కానీ ఆ కాలు రెండోదానితో సమానంగా ఎదగలేదు. ఆయన ముందే చెప్పాడు, ఎదగదని. వచ్చేటప్పుడు నాయన ఆ బిళ్ల సంగతి అడిగితే, "మూలమట్టం... మనిషి వంకర లేకుండా బతకాలని గుర్తు. లోపల జరిగేది చెప్పకూడదని ఒట్టు వేశాం. చెప్పినా మీకు ఆవలింతలే వస్తాయి" అని నవ్వాడు.

తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. వాళ్ల మీద నాకు ప్రేమేమీ లేదు. పెద్ద ఉద్యోగాల మగవాళ్లు తలుపులు వేసుకుని కూర్చునే సంఘం... అడగదగిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. కానీ నెత్తురు కథల అడుగున వెతికితే నాకు దొరికింది, ఒకరి రాతను చూసి మరొకరు ఎక్కించిన రాతలే. వెనకటికి ఒక ఫ్రెంచివాడు ఇలాంటివి ఏళ్ల తరబడి రాసి అమ్ముకుని, చివరికి సభ పెట్టి అంతా నా కల్పనేనని తానే చెప్పాడు. అయినా నమ్మేవాళ్లు మానలేదు.

ఈ మధ్య మా స్కూలు పాత విద్యార్థుల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అదే పుర్రె, అదే మూలమట్టం, అవే ఎర్ర అక్షరాలు. పంపింది ఎవరో కాదు, నరసింహులు సారు కొడుకు. సుందరం డాక్టరు అతికించిన చేత్తోనే పంపాడు!

"నువ్వు చూసినావా?" అని అడిగాను.

"యాడనుంచో వచ్చింటే పంపినా అన్నా. అంతే గదా" అన్నాడు.

మా చిన్నప్పుడు అబద్ధం చెప్పేవాడు కనీసం ఎదురుగా కూర్చుని టీ తాగేవాడు... మొహం మీదే అడగడానికి మా నాయన లాంటివాడు ఒకడుండేవాడు. ఇప్పుడు అడుగుదామంటే ఎదురుగా మొహమే ఉండదు.

మీ ఊళ్లోనూ ఇట్లాంటి పుకారు ఒకటి, దానికి బలైన మనిషి ఒకరు ఉండే ఉంటారు. రాయండి... విన్నది కాదు, చూసింది రాయండి.

నేను చూసింది మా చెల్లెలి కాలు.