చేసి చూడకముందే థాంక్స్

ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో, డేటాబేస్ ప్రశ్నలకు జవాబులు చెప్పుకునే ఒక ఆన్‌లైన్ ఫోరంలో అతను నాకు పరిచయమయ్యాడు. శామీర్‌పేట దగ్గర కోళ్ల దాణా ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. నేను జవాబు రాయగానే, ఇంకా చేసి చూడకముందే, "థాంక్స్ అన్నా, పనైంది" అని రాసి ప్రశ్నను మూసేసేవాడు. సాయం చేసినవాణ్ణి ఎదురుచూడబెట్టడం అతని దృష్టిలో మర్యాద కాదు. మూసిన ప్రశ్నను ఇంకెవరూ పట్టించుకునేవారు కాదు. సరైన జవాబుకని ఫోరం ఇచ్చే నక్షత్రాలు మాత్రం నా పేరు పక్కన పెరిగేవి.

ఒకసారి సర్వర్‌లో జాగా నిండిపోయిందన్నాడు. డేటాబేస్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే లాగ్ ఫైల్ తీసేయమన్నాను. బ్యాకప్ ఉందా అని అడగలేదు. అలవాటుగా థాంక్స్ చెప్పి తీసేశాడు. అది లేక ఆ డేటాబేస్ మళ్లీ తెరుచుకోలేదు. ఫ్యాక్టరీ లెక్కలన్నీ పోయాయి.

ఆ వారంలోనే నన్ను వెతుక్కుంటూ నేనుండే మేడ్చల్‌కు వచ్చి, బస్టాండులో కలిశాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం అదే మొదలు.

"గింత చిన్నగున్నవేందన్నా! మస్తు పెద్దమనిషివి అనుకున్న" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కావాలనే చేసినవ్ అంటాండు మేనేజర్. పోలీస్ కేసు పెడ్తడట. గా ఉపాయం నాదే అని నువ్వొచ్చి ఒక్క మాట జెప్తే ఇడుస్తడన్నా."

మా ఆఫీసులో తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందోనని భయపడ్డాను.

"నేను జెప్పింది కరెక్టే. నువ్వే ఏదో గడబిడ చేసినవ్" అన్నాను.

"అయ్యుంటదన్నా. నాకే సక్కగ తెల్వది" అని శామీర్‌పేట బస్సెక్కాడు.

నన్ను కాపాడటానికే అలా అన్నాడని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాదు, నిజంగానే నమ్మాడు. బస్సు దిగి నేరుగా వెళ్లి మేనేజర్ ముందు కూడా తప్పు తనదేనని ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది.