మోసేవాళ్ళదే సంచి

మనవాళ్ళ ప్రయాణాల్లో బరువే ప్రేమకు కొలత. ఎంత మోయిస్తే అంత అభిమానం. బాపట్ల కాలేజీలో బోటనీ చెప్పే రాజరాజేశ్వరి ఈ సిద్ధాంతాన్ని నమ్మే నిరుడు హిమాలయాల్లో నవ్వులపాలైంది. స్టీలు గిన్నెలు, గాజు సీసాలో ఆవకాయ, దుప్పటి, గంటతో సహా పూజ సామాను. మొదటి కొండ ఎక్కేటప్పుడే ఆమె సంచి కంచరగాడిద వీపెక్కింది. మిగిలిన దారంతా దాని తోక చూస్తూ నడిచింది.

ఈ ఏడు ఎంచుకున్న దారిలో కంచరగాడిదలు లేవు. ఎవరి సంచి వాళ్ళే మోయాలి. మోయలేనివాళ్ళను కింది మకాం నుంచే వెనక్కి పంపేస్తారు. ఈసారీ అలా తిరిగొస్తే, యాభై దాటిన తనను మూడోసారి ఇంట్లో ఎవరూ కదలనివ్వరని ఆమెకు తెలుసు.

అందుకే తెనాలిలో వాళ్ళ వంటింటి తూకం మిషన్ హాల్లోకి వచ్చింది. ప్రతి వస్తువూ దాని మీద కూర్చోవలసిందే. టర్కీ తువ్వాలు పోయి పల్చటి తుండు వచ్చింది. బట్టలు రెండు జతలకు దిగాయి, ఒకటి నడకకు, ఒకటి రాత్రి పొడిగా వేసుకోవడానికి. దిండెందుకు, బట్టల మూట లేదూ? రెండు పనులు చేయని వస్తువుకు సంచిలో చోటు లేదని తేల్చేసింది.

"మరి నాకు?" అన్నాడు భర్త వేదవ్యాస్ పేపరు మడుస్తూ.

"ముందు ఒక్క పని చెయ్యండి, చూద్దాం."

ఆదివారాలు ఆ సంచి వేసుకుని బాపట్లలో రైలు దిగి సూర్యలంక బీచి దాకా నడిచేది. "మేడం, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని బైకుల మీద శిష్యులు. "దిగి నాతో నడవండ్రా, చెబుతా!" నడుం బెల్టు బిగిస్తే భుజాల మీది భారం తుంటికి దిగుతుందని ఆ ఇసుకలోనే తెలిసొచ్చింది.

ప్రయాణం దగ్గర పడగానే రేపల్లె నుంచి పెద్దాడపడుచు లక్ష్మీప్రియ బుట్టతో దిగింది. సున్నుండలు, వాటి పక్కన ఆరు రాగి చెంబులు. చుట్టాలందరివీ. హిమాలయాలకు వెళ్ళేవాళ్ళు గంగ తేవాలి, అడిగితే కాదనకూడదు.

"ఖాళీ చెంబులేగా రాజీ, బరువేముంది?"

"వచ్చేటప్పుడు నిండుగా ఉంటాయిగా వదినా."

"పుణ్యాన్ని బరువనకూడదే!"

రాజరాజేశ్వరి చెంబుల నిండా కుళాయి నీళ్ళు పట్టి, మూతలు బిగించి సంచిలో సర్దింది. సాయంత్రం రేపల్లె బండికి వదినను సాగనంపుతూ ఆ సంచి ఆమె వీపుకే తగిలించింది. "స్టేషను దాకానే. పుణ్యంలో సగం మీకూ రావాలిగా."

వీధి మలుపు దాకా లక్ష్మీప్రియ పౌరుషంగానే నడిచింది. టిఫిన్ హోటలు దగ్గర ఆగింది. "ఆటో పిలవ్వే."

"కొండ మీద ఆటోలుండవుగా వదినా."

ఇంకో నాలుగడుగులు వేసి హోటలు బల్ల మీద కూలబడింది. "తియ్యవే తల్లీ వీటిని! అందరికీ నేనే చెప్పుకుంటాలే."

నీళ్ళు పారబోసి చెంబులు బుట్టలో పెట్టింది రాజరాజేశ్వరి. సున్నుండలు మాత్రం తనే ఉంచుకుంది. పిడికెడుంటే పూట గడుస్తుంది, పైగా తిన్నకొద్దీ సంచి తేలికవుతుంది.

"మరి గంగో?"

"నా మంచినీళ్ళ బాటిల్ ఎలాగూ మోస్తాగా. చివరి రోజు నింపుకొస్తా. తలా ఓ చెంచా పంచండి."

"ప్లాస్టిక్ బాటిల్లో గంగా!"

"పొద్దున రైల్లో మీరు దేంట్లో తాగారు?"

లక్ష్మీప్రియ తన చేతిసంచిలోని బాటిల్ తీసి ఒక గుక్క తాగింది. "సరేలే. బాగా కడిగి నింపు."

రాజరాజేశ్వరి సంచి వీపున వేసుకుని బెల్టు బిగించింది. "ఆ బుట్ట కూడా ఇటివ్వండి, బండి ఎక్కిస్తా."

తరువాతి వారం హిమాలయాల్లో మొదటి కొండ ఎక్కేటప్పుడు ఆమె ఒక్కచోటే ఆగింది, సున్నుండ తినడానికి. ఎదురుగా దారి తప్ప ఏ తోకా లేదు.