వెనకాల బండి

మా చిన్నాన్న పోయేడు. మొన్న పొద్దున్న జేకేపూర్ నుంచి పిన్ని ఫోను. "అమ్మీ, టీ అడిగేడే మీ సిన్నాన్న. పట్టుకెళ్ళేసరికి లేడు." చర్చి బోర్డు మీద 'ప్రభువునందు నిద్రించిరి' అని రాసేరు. నిద్రా? ఆయనా? మధ్యాన్నం కునుకు తీసినవాళ్ళని కూడా లేపి లెక్క చెప్పే మనిషి!

మిలిటరీలో ఆయన పని తుపాకీ కాదు, లెక్కలు. ఏ దారిన ఎన్ని లారీలు, ఎంతెంత ఎడంతో వెళ్తే ఎప్పటికి చేరతాయో ముందే కాగితం మీద నడిపించి చూడ్డం. రిటైరయ్యేక ఆ పిచ్చంతా మా క్రిస్మస్ క్యారల్స్ మీద పడింది. కల్యాణసింగ్‌పూర్ వైపు ఊళ్ళకెళ్ళే జీపులకి టైంటేబుల్ వేసేవాడు. కుర్రాళ్ళ జీపు ముందుకి దూసుకుపోతే కేకలే.

"తొందరేట్రా? ఎనకాల బండి ఎంత స్పీడో, మనందరం అంతే స్పీడు!"

వెనకాల బండంటే ముసలమ్మలు, హార్మోనియం ఉన్న డొక్కు వ్యాను. ముందెళ్ళినవాళ్ళు చలికి చేతులు నలుపుకుంటూ దానికోసం నిలబడాల్సిందే. హార్మోనియం లేందే పాటెలా ఎత్తుకుంటారు?

ఈ విద్య నాకు ఆయన పెట్టిన భిక్షే. ఇప్పుడు సైన్యానికి అదే లెక్క నేను కంప్యూటర్లో కడుతున్నాను. ఈమధ్య ఘాట్ రోడ్డు కాన్వాయ్‌కి మోడల్ వేస్తే, మలుపుల్లో అంబులెన్స్ వల్ల ఆలస్యమౌతోంది. "దాన్ని తీసెయ్, తరవాత పంపుదాం" అన్నారు మా సారు. తీసి చూస్తే స్క్రీన్ మీద ఎంత ముచ్చటగా ఉందో! అయినా మనసొప్పక చిన్నాన్నని అడిగేను.

"లెక్క అబద్ధమాడదమ్మీ. నువ్వు సెప్పనిది దానికి తెల్దు, అంతే. దెబ్బ తగిలినోడు ఏ బండెక్కుతాడో అడుగు మీ సారుని."

ఇంకా అడగలేదు. సోమవారం మీటింగు.

నిన్న సమాధి చేసేం. వానొచ్చేలా ఉందని పెట్టె మోసే కుర్రాళ్ళు సమాధుల దిబ్బెక్కుతూ ఒకటే పరుగు. మోకాళ్ళ నొప్పులతో పిన్ని ఎక్కడో వెనకబడిపోయింది. నాకు ఒళ్ళు మండి గట్టిగా కేకేసేను.

"ఆగండ్రా! ఎనకాల బండి రావాల!"

ఒక్కసారిగా ఆగిపోయేరు. అందరూ ఆయన టైంటేబుల్‌లో తిరిగినవాళ్ళే. ఏడుపు ఆపుకోలేకపోయేను. కానీ అక్కడే తేల్చేసుకున్నాను. సోమవారం అంబులెన్స్ తియ్యనని సారు మొహం మీదే చెప్తాను. ఏమంటారో అననీ.

చినుకులు మొదలయ్యేయి. పెట్టె భుజాల మీదే ఉంది, ఎవరూ కదల్లేదు. పిన్ని మెల్లగా వచ్చి దానిమీద చెయ్యేసింది. అప్పుడు నడిచేం అందరం, ఆవిడ ఎంత నడిస్తే అంత.