తెరమీద ఒకటే బోరు

నల్లగొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్ చెప్పేదాన్ని. ల్యాబ్ అంటే కంప్యూటర్లే. సాఫ్ట్‌వేర్‌లో మోటారుకో డబ్బా, ట్యాంకుకో డబ్బా గీసి, గీతలతో కలిపి, అంకెలిచ్చి నడిపిస్తే ఆ యంత్రం రేపు ఎలా పనిచేస్తుందో గ్రాఫు వస్తుంది. పిల్లలకు అది రికార్డులో ఎక్కించే బొమ్మ. నాకు మాత్రం అది మా బత్తాయి తోటను బతికిస్తుందని పిచ్చి నమ్మకం.

ఆ ఎండాకాలం మా బోరు ఆగి ఆగి పోస్తోంది. నీళ్లు లేకుండా నడిచి మోటారు ఒకసారి కాలిపోయింది. అందుకని సాఫ్ట్‌వేర్‌లో మా బోరును గీశాను. మట్టం తగ్గితే మోటారు ఆగాలి, ఊట చేరాక మళ్లీ నడవాలి. గ్రాఫు ముచ్చటగా వచ్చింది. ఆ లెక్కతోనే చిన్న పెట్టె చేయించి స్టార్టరుకు బిగించాను. మా నాన్న, మేం బాపు అంటాం, ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు.

వారం తిరగకముందే పాదులు ఎండాయి. మోటారు ఆగుతోంది గానీ ఊట చేరడం లేదు. తోటకు పోయి చూస్తే అర్థమైంది. మాది ఆగినప్పుడల్లా గట్టు అవతల చిన్నాయిన, అంటే బాపు తమ్ముడి మోటారు హోరుమంటూనే ఉంది. ఆయనదీ బత్తాయే, ఆయన చెట్లూ ఎండుతున్నాయి. రెండు బోర్లకూ ఊట ఒకటే. నేను గీసింది మాత్రం ఒక్క బోరును. పక్క చేను కనబడని నా చదువు మీద నాకే ఒళ్లు మండింది.

రెండో బోరు గీసి మళ్లీ నడిపించాను. ఒకరే ఆగితే ఆగినవాళ్ల తోట ముందు పోతుంది, తర్వాత రెండోది. ఇద్దరూ వంతులు వేసుకుంటే రెండూ వానల దాకా నిలుస్తాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని చిన్నాయిన ఇంటికి పోయాను. ఆయన ఓపిగ్గా చూశాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. ముందుగాల మీ బాపును ఆపుమను. గప్పుడు నేనాపుత."

"ఆపుతనే ఉన్నడు గద చిన్నాయినా! పెట్టె బిగించినం గద!"

"గది నువ్వంటున్నవు. పెట్టె పీకి నడుపుతలేడని నాకేమెర్క?"

ఇంటికొచ్చేసరికి బాపు నిజంగానే పెట్టె పీకేసి ఉన్నాడు.

"నేను ఆపుకుంట కూసుంటే నీళ్లు వాని తోటకు పోతున్నయ్. వాణ్ణి ఆపుమను ముందు, నేనాపుత."

ఇద్దరినీ ఎంత బతిమాలినా వినలేదు. ఏడ్చాను కూడా. వానలకు ముందే రెండు బోర్లూ ఎండిపోయాయి, చెట్లూ పోయాయి.

నరకడానికి ఇద్దరూ కలిసి ఒకే మిషన్ మాట్లాడుకున్నారు. దానికి మాత్రం వంతులు కుదిరాయి. పొద్దున మా తోట, మధ్యాహ్నం చిన్నాయిన తోట.