రెండుసార్లు చచ్చిన జమీందారూ, జగన్నాధం మావా

మా కోటబొమ్మాళిలో జగన్నాధం మావ కంట పడకుండా తప్పు చేసి తప్పించుకున్న నాటకం లేదు. తన మళ్లో కలుపు మోకాలెత్తు పెరిగినా ఆయనకు కనబడేది కాదు గానీ, రెండో రంగంలో రాజుగారి చెవిపోగు మారితే మాత్రం చాప చివర నుంచి లేచి నిలబడేవాడు. "ఆగండి బాబూ, సిన్న డవుటు" అనేవాడు. ఆ మాట వినగానే హార్మోనియం వాయించేవాడు తిత్తి మూసి బీడీ వెలిగించుకునేవాడు. మావ డవుటు చిన్నదిగా ఎప్పుడూ ఉండేది కాదు మరి.

ఓసారి అశోకవనంలో సీతమ్మ శోకిస్తోంది. ఆడవాళ్లు కొంగులు తడుపుకుంటున్నారు. మావ లేచాడు. పంచవటిలో ఎర్రగాజులు వేసుకున్న తల్లికి లంకలో పచ్చగాజులు ఎలా వచ్చాయన్నాడు. ఆంజనేయుడంతటివాడే సముద్రం దాటడానికి ఆపసోపాలు పడ్డాడే, గాజులమ్మేవాడు మలారం భుజాన వేసుకుని ఎలా దాటాడన్నాడు. సీతమ్మ పక్కున నవ్వేసింది. ఆ రాత్రికి రావణుడు ఎంత బెదిరించినా ఆవిడ మళ్లీ ఏడవలేదు.

చీపురుపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, పెళ్లికూతురి బుగ్గచుక్క ఇందాక కుడిబుగ్గ మీద ఉందనీ, పీటల మీదకొచ్చేసరికి ఎడమబుగ్గకు మారిందనీ పైకే అన్నాడు. పిల్లను మార్చేశారని మగపెళ్లివారు బాసికాలు విప్పబోయారు. చెమటకు చెరిగితే మళ్లీ పెట్టామని పేరంటాళ్లు ప్రమాణాలు చేశాక గానీ మేళం మోగలేదు. మావ భార్య సుభద్రమ్మత్త ఆ రోజు నుంచి ఆయన్ని పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానేసింది.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో నాకు డిటెక్టివు పిచ్చి పట్టింది. జాతరలో రోజుకో భాగం చొప్పున ఆడేలా ఒక అపరాధ పరిశోధన నాటకం రాశాను. డిటెక్టివు వేషం కూడా నాదే. కమిటీ పెద్ద నారాయణమూర్తి గారు ఒకటే షరతు పెట్టారు. మొదటి భాగం చివరిదాకా జనం కూర్చుంటే మిగిలిన రోజులు మావి, లేచిపోతే బుర్రకథ వాళ్లవి. ఆ దళం అప్పటికే వచ్చి, స్టేజీ పక్కనే కూర్చుని తంబురా శ్రుతి చేసుకుంటోంది. ఈ నాటకం పోతే మళ్లీ ముఖానికి రంగు పూయనని మా అమ్మకు నేను మాటిచ్చి ఉన్నాను. అందుకే మావ కాళ్లు పట్టుకోబోయాను, ఆ ఒక్కరోజూ రావద్దని. అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు.

జమీందారు హత్యతో కథ మొదలు. జమీందారు మా అప్పలసూరి. పద్యం లేకపోతే మా వైపు జనం చావును కూడా ఒప్పుకోరు గనక, కత్తిపోటు తిన్నాక అతనికో పద్యం పెట్టాను. పాడి, చచ్చాడు. జనం వన్స్‌మోర్ అన్నారు. అప్పలసూరి లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చాడు.

"ఆగండి బాబూ, సిన్న డవుటు. తొలీత సచ్చినప్పుడు కత్తి ఎడం పక్క ఉన్నాది. మలీత సచ్చినప్పుడు కుడి పక్క ఉన్నాది. సంపినోళ్లు ఇద్దరేటి?" అన్నాడు మావ.

జనం ఘొల్లుమన్నారు. తరవాత నా చుట్ట మీద పడ్డాడు. సగం కాలిన చుట్ట తెర లేచేసరికి నిండుగా ఎలా పెరిగిందన్నాడు. కోసేసిన టెలిఫోను తీగె మీద గంట ఎలా మోగిందన్నాడు. నేను లోపల ఏడుస్తూ పైకి పరిశోధించాను.

ఎలాగో చివరి ఘట్టానికొచ్చాం. శవం వైపు వేలు చూపించి ఒక్క వాక్యం చెప్పాలి. ఆ వాక్యం కోసమే జనం రేపు రావాలి. వేలు చూపించాను. వాక్యం రాలేదు. పక్కతెర వైపు చూస్తే ప్రాంప్టరు ఎర్రన్న లేడు. హంతకుణ్ణి ఎదురుగా కూర్చుని చూద్దామని దిగిపోయి, రాతప్రతి చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని జనంలో కూర్చున్నాడు. వెనకవాళ్లు తువ్వాళ్లు దులుపుకుని లేస్తున్నారు. బుర్రకథ వాళ్ల డక్కీ ఒక్క దెబ్బ మోగింది.

అప్పుడు మావ లేచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"డిటెక్టివు బాబు కోటుకి పై బొత్తాం ఇందాక ఉన్నాది. ఇప్పుడు నేదు. ఎవులు తెంపేరు?"

లేచినవాళ్లంతా ఆగి నా కోటు చూశారు. పెట్రోమాక్సు వెలుగులో బొత్తాం నిక్షేపంగా మెరుస్తోంది. ముసలాయనకు శుక్లాలొచ్చాయని ఒకరు, తప్పులు పట్టీ పట్టీ చూపు అరిగిపోయిందని ఇంకొకరు. మావ ఒప్పుకోడే. కళ్లు తుడుచుకుని స్టేజీ దాకా వచ్చాడు, వస్తూ వస్తూ ఎర్రన్న తొడ మీద గట్టిగా గిల్లాడు. బొత్తాం పట్టుకు లాగి చూశాడు. ఈలోగా పక్కతెర వెనక నుంచి ఎర్రన్న ఆయాసపడుతూ వాక్యం అందించాడు.

"చచ్చినవాడు జమీందారు కాదు" అన్నాను.

లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. తెర దిగాక కూడా ఎవరూ కదల్లేదు. నారాయణమూర్తి గారు బుర్రకథ వాళ్లకు తాంబూలమిచ్చి, వచ్చే ఏడు పిలుస్తానని పంపించారు.

పొద్దున్నే మావ ఇంటికి వెళ్లాను. అంబలి తాగుతున్నాడు. ఊరంతా ఆయన చూపు గురించే చెప్పుకుంటోంది. లేని తప్పు ఎన్నడూ పట్టని మనిషి నాకోసం నలుగురిలో నవ్వులపాలయ్యాడు.

"బొత్తాం ఉన్నాదని నీకు తెలీదేటి మావా?" అన్నాను.

"తెలకేమి? నువ్వు నోట మాట రాక నిలబడిపోనావు. నిజం తప్పు ఒకటి సూపించి జనాన్ని ఆపుదునా అంటే, ఉన్నవన్నీ ముందే సెప్పీసేను. ఒక్కటీ మిగల్నేదు."

ఆ మనిషి రుణం నేనెలా తీర్చుకోను? ఆ సాయంత్రం నుంచి ప్రతి భాగంలోనూ, ఎంత డవుటుకైనా సరిపడేలా, నిఖార్సయిన తప్పులు నాలుగు ఎక్కువే పెట్టాను. నా నాటకాల్లో ఇన్ని పొరపాట్లేమిటని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అవి పొరపాట్లు కావండీ, మావ వాటా.