సిల్వియా కట్టిన సంచి

ఏలూరులో కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా కొల్లేరు మొత్తాన్ని పాలగిన్నెలా పొంగించిన మనిషి పేరు సిల్వియా. ఆ నురగకి కొంగలు దారి తప్పి తాడేపల్లిగూడెం బస్టాండులో వాలాయి. నమ్మనివాళ్లు మా ఊరు ఉండికి వచ్చి మా అమ్మ మణెమ్మని అడగండి.

పదో తరగతి దాకా సిల్వియాదీ నాదీ ఒకే క్లాసు. ఆ తర్వాత ఆవిడ చదువుకుంది, నేను చదువుకి విశ్రాంతి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ ఏలూరులో ఫోన్లకి యాప్‌లు రాస్తుంది. నేను ఉండి దగ్గర మూడు చేపల చెరువులు కౌలుకి చేస్తూ, తీరికున్నప్పుడు ప్రపంచానికి సలహాలిస్తుంటాను.

నీళ్లకి గాలి అందించే ఏరేటర్లని ఫోన్‌తో తిప్పే యాప్ కావాలని అడిగాను. అమ్మకి చదువు రాదు. అందుకని సిల్వియా మామూలు బటన్లు మానేసి, గట్టు మీద నిలబడి మా చెరువుల్నే బొమ్మలుగా గీసింది. తాటిచెట్టు చెరువు, గుడిసె చెరువు, వంకర చెరువు. ఏ బొమ్మ నొక్కితే ఆ చెరువు ఏరేటర్లే తిరగాలి. మా కరెంటు లైను ఒకసారికి ఒక్క చెరువునే మోస్తుంది మరి.

మొదటిరోజు అమ్మ యాప్ తెరిచిందో లేదో, వేలు పెట్టకుండానే మూడు చెరువుల ఏరేటర్లూ ఒక్కసారిగా లేచాయి. ఫ్యూజు ఎగిరిపోయింది.

"నేను ముట్టుకోలేదమ్మా!" అంది అమ్మ. "మబ్బు పట్టినరోజు ఇలా ఫ్యూజు పోతే చేపలన్నీ చస్తాయి. నాకొద్దు నీ యాపు."

"చూశావా అమ్మా, మా క్లాసు ఫస్టు!" అన్నాను నేను.

సిల్వియా నన్ను పట్టించుకోలేదు. గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి కాసేపు చూసి, చెరువులో కర్రలకి వేలాడుతున్న మేత సంచుల్ని చూపించింది.

"తవుడు సంచికి చిల్లులు పొడిచి, కట్టి వచ్చేస్తారు కదా పిన్నిగారూ. చేప వచ్చి పొడిచినప్పుడే మేత రాలాలి. నేను కట్టడం మానేసి అక్కడే కుమ్మరించేశాను. ఏరేటర్ తిప్పే కోడ్ ముక్కని ఫంక్షన్ అంటాం. దాని పేరు ఒక్కటే బొమ్మకి ఇచ్చి వదిలేస్తే, మీరు నొక్కినప్పుడు బొమ్మే దాన్ని పిలుస్తుంది. నేను పేరు పక్కన బ్రాకెట్లు పెట్టాను, అంటే అప్పుడే పిలిచేసినట్టు. దాంతో యాప్ తెర మీద బొమ్మ చూపిస్తుండగానే ఏరేటర్లు తిరిగేశాయి."

"మరిప్పుడు కట్టావా?"

"కట్టానండీ. తెరిచి చూడండి."

ఫ్యూజు వేశాక అమ్మ తెరిచింది. ఏదీ కదల్లేదు. గుడిసె బొమ్మ నొక్కింది. గుడిసె చెరువు ఒక్కటే తిరిగింది. ఆ సంచి పోలిక నాదేనని ఉండిలో చెప్పుకుంటున్నాను. సిల్వియా ఉండేది ఏలూరులో కదా, కాదనేవాళ్లెవరు!

కొద్దిరోజులకే ముసురు పట్టింది. నేను తవుడు కోసం తాడేపల్లిగూడెంలో ఉన్నాను. తెల్లారేసరికి వంకర చెరువులో శీలావతి, బొచ్చె చేపలు గాలి అందక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట. అమ్మ తడిచేతిని చెంగుకి తుడుచుకుని వంకర బొమ్మ నొక్కింది. నేను బస్సు దిగి పరిగెత్తుకొచ్చేసరికి నీళ్లు తెల్లగా చిమ్ముతున్నాయి, చేపలు కిందికి దిగిపోయాయి, అమ్మ గట్టు మీద టీ తాగుతోంది. నేనూ వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. ఏడాది కష్టమంతా ఆ నీళ్లలోనే ఉంది.

ఆదివారం సిల్వియా చర్చి నుంచి వచ్చే వేళకి ఏలూరు వెళ్లి, పెద్ద బొచ్చె ఒకటి చేతికిచ్చాను. "కొల్లేటిని పొంగించి నా బతుకు నిలబెట్టావు. ఊరూరా ఇదే చెబుతున్నాను," అన్నాను. ఆ ఒక్కసారి మాత్రం నా గొంతులో వేళాకోళం లేదు.

"కొల్లేరు కాదు పాండూ, ఒక్క వంకర చెరువు. నేను తీసింది మూడు జతల బ్రాకెట్లు. నొక్కింది మీ అమ్మగారు."