మేడెక్కిన పెయ్యదూడ

మా అత్త దేవుణ్ణి నమ్ముతుంది గానీ, పని మొత్తం ఆయన మీదే వదిలెయ్యదు. సారం అనే మా పేటలో చుట్టుపక్కల ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా గృహప్రవేశానికి మా ఆవూ దూడా వెళ్ళాల్సిందే. ఇంటివాళ్ళకంటే ముందు ఆవు గడప దాటాలి. దాటాక లోపల ఎక్కడో ఒకచోట మూత్రం పోయాలి. పోస్తే ఆ ఇంటికి లక్ష్మి వచ్చినట్టు, పోయకపోతే యజమాని ముఖం మాడిపోతుంది. అందుకని అత్త బయల్దేరే ముందు తవుడు కలిపిన నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి, బకెట్టు నిండా ఆవుకు తాగిస్తుంది. మా ఆవు ఇంతవరకూ ఏ ఇంటివాళ్ళనూ నిరాశపరచలేదు.

"ఇది మోసం కాదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"మోసమేంది మే? ఆవుకు కడుపిచ్చింది ఆయనే, నాకు బకెట్టిచ్చింది ఆయనే. నేను మధ్యలో నీళ్ళు పోసినాను, అంతే" అంది.

ఆవిడకు అంత భక్తి ఉన్న ఇంట్లో నాకు అంతంతమాత్రం. పండగనాడు దండం పెట్టమంటే పెడతాను, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక చెవి వంటింటి వైపే ఉంచుతాను. పెళ్ళై వచ్చిన కొత్తలో ఇంటి వెనకున్న ఆవు కొట్టం మీద నా కన్ను పడింది, కాకపోతే ఆవు కోసం కాదు. నా స్కూటర్ వీధిలో ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉండేది. ఆవు మాత్రం రేకుల కప్పు కింద దర్జాగా నెమరు వేసేది.

నిరుడు పుట్టిన దూడ సరిగా నిలబడటం నేర్చుకోకముందే చచ్చిపోయింది. అత్త ఏడవలేదు. కొట్టం కడిగి, చీపురు గోడకు ఆనించి, "ఇంకొక్కటి చూస్తా. అది గూడా దక్కలేదంటే ఆవును మా తమ్ముడింటికి తోలేసి కొట్టం పీకించేస్తా. ఇంక నా వల్ల గాదు" అంది. ఆవిడ జీవితంలో సగం ఆ కొట్టంలోనే గడిచిందని నాకు తెలుసు. పాపం అనుకున్నాను. అనుకుంటూనే అక్కడ స్కూటర్ ఏ వైపు తిప్పి పెట్టాలో కూడా చూసుకున్నాను.

తర్వాతి దూడ నా కాళ్ళ మీదే పుట్టింది. టార్చి లైటు పట్టుకోమని అత్త నన్ను పిలిచింది. పట్టుకోవాల్సింది లైటు ఒక్కటే అనుకుని వెళ్ళాను. "కాళ్ళు పట్టి లాగు మే, చూస్తా నిలబడితే అదే వస్తాదా!" అని కసిరింది. లాగాను. జారి వచ్చి నా పాదాల మీద పడింది. పెయ్యదూడ. అత్త దాని ముక్కు తుడిచి నోట్లో ఊదింది. అది లేచి, తూలి, తల్లి పొదుగు అనుకుని నా చున్నీ కొస పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఆ రోజుతో నా స్కూటర్ ఆశ పోయింది.

అంత అల్లరి దూడను నేను చూడలేదు. ఎదురింటి ఆవిడ తెల్లారి వేసిన ముగ్గు ఆరకముందే నాకేసేది. ఆరేసిన లుంగీ నమిలేది. స్కూటర్ సీటు కవరు చింపి, లోపలి స్పాంజి రుచి చూసి, నచ్చక ఉమ్మేసింది. తిడదామని వెళితే నుదురు నా పొట్టకు ఆనించి ఒక్క తోపు తోసేది. దాని మీద కోపం పెట్టుకోవడం నాకు చేతకాలేదు.

పొద్దున కాఫీ గ్లాసుతో కొట్టంలో నిలబడటం అలవాటైంది, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళడమూ అలవాటైంది. కాకులు గూళ్ళు కట్టుకునే కాలంలో ఒక కాకి వచ్చి ఆవు వీపు మీద వాలి వెంట్రుకలు పీక్కునేది. ఆవు కళ్ళు అరమోడ్చి, కదలకుండా పీక్కోనిచ్చేది. దూడ మాత్రం కాకిని తరమాలని ఎగిరి, తల్లి కాలు తగిలి బోర్లాపడేది. మొదటిసారి వాన పడినప్పుడు చినుకులతో తగువు పెట్టుకుంది, ఒక్కో చినుకునూ తలతో కుమ్మింది. గోరింకలు దాని కాళ్ళ మధ్య నుంచే పురుగులు ఏరుకునేవి. అత్త పూజగదిలో కూర్చుని వెతికేదేదో నాకు ఇక్కడ నిలబడి ఉంటే దొరుకుతోందని అనిపించేది. పైకి అనలేదు. అంటే మర్నాటి నుంచి పేడ ఎత్తే పని నాదయ్యేది.

అది గడ్డి కొరకడం నేర్చాక, రెండు వీధుల అవతల ఒక మేడ ఇంటి గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. ఇల్లు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. మా ఆవు మెట్ల ముందు నిలబడి, పైకి చూసి, ఇది మన పని కాదని తేల్చేసింది.

"అక్కా, ఆవు ఎక్కలేదంటే ఎట్లక్కా?" ఇంటి పెద్దాయన కంగారు పడ్డాడు.

"ఎక్కుతాది నాయినా, కొంచెం తాళు" అని అత్త ఆవు వీపు నిమురుతోంది. ఇంతలో బకెట్టు నీళ్ళ గడువు దాటిపోయింది. మెట్ల దగ్గరే, కింది ఇంటివాళ్ళ గుమ్మం ముందు, మా ఆవు తన ఆశీర్వాదం మొత్తం కుమ్మరించేసింది. కింది ఇంటావిడ పరుగున పసుపు కుంకుమ తెచ్చి ఆవుకు బొట్టు పెట్టింది. పై ఇంటాయన అదంతా తన సొత్తే అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

దూడ మాత్రం చక్కెర పొంగలి వాసన పట్టుకుని టకటకా మేడెక్కేసింది. అంతే, పైన పండగ. తల్లికి పెట్టాల్సింది కూడా దానికే పెట్టారు. ముసలావిడలు ఒక్కొక్కరూ తన చేత్తో ఒక ముద్ద పెడితేనే పుణ్యమన్నారు. అరటిపళ్ళు, పొంగలి, మళ్ళీ పొంగలి. అందరూ ఫోన్లలో వీడియోలు తీశారు. నేనూ తీశాను. దిగనని మొండికేస్తే ఇంటి అల్లుళ్ళిద్దరూ కిందికి మోసుకొచ్చారు.

మధ్యాహ్నానికి దాని ఎడమ పక్క ఉబ్బిపోయింది. అత్త వేళ్ళతో తట్టింది, డప్పులా మోగింది. దూడ కాళ్ళు చాపి పడుకుని మూలిగింది. పొదుగు దగ్గరికి తోస్తే తల తిప్పేసుకుంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఊరవతల ఉన్నాడు. వచ్చేదాకా పడుకోనివ్వకండి, ముందుకాళ్ళు ఎత్తులో ఉండేట్టు నిలబెట్టండి, కొంచెం కొంచెంగా నూనె పట్టండి, నోట్లో అడ్డంగా పుల్ల కట్టి నమలనివ్వండి, గాలి బయటికి రావాలి అన్నాడు.

ఇవన్నీ అత్తకు తెలిసినవే. కానీ ఆవిడ పట్టిన నూనె సగం నేలపాలైంది. "పోయిందే... ఇది గూడా పోయిందే" అంటూ గుంజకు జారబడి కూర్చుంది. సీసా నేను లాక్కున్నాను. వేపపుల్ల నోటికి అడ్డంగా కట్టి, ముందుకాళ్ళు గడప మీద పెట్టించి, దాని మెడ నా భుజాన వేసుకుని పొట్ట రుద్దడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఆవు తన దూడను నాకుతూనే ఉంది.

అత్త తిరుపతి కొండ మీదాయన్నీ, మా ఊరి దగ్గరి మైలం కొండ మీదాయన్నీ కలిపి పిలుస్తోంది. "వెంకన్నా, దీన్ని ఇయ్యి సామీ, నా తలనీలాలు ఇస్తా" అంది. చేత్తో తల తడుముకుంది. తన జుట్టు చిన్న ముడికి కూడా చాలదని గుర్తొచ్చినట్టుంది. "నా కోడలివి గూడా ఇప్పిస్తా సామీ, దానికి దండిగా ఉండాది!" అంది.

మామూలు రోజైతే నేను లేచి పోట్లాడేదాన్ని. నా జడంటే నాకు గర్వం. కానీ భుజం మీద దూడ ఊపిరి చిన్నదైపోతోంది. "తీసుకో సామీ, మొత్తం తీసుకో" అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు. అంత నిజంగా నేను ఎవరినీ ఏదీ అడగలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. చేతులు పడిపోతున్నా రుద్దుతూనే ఉన్నాను. అప్పుడు దూడ మెడ చాచి ఒక్క త్రేన్పు త్రేన్చింది. పొడుగ్గా, పుల్లగా, నెయ్యీ ఏలకుల వాసనతో, సరిగ్గా నా ముఖం మీద. వెంటనే ఇంకొకటి. ఆ గాలిని నేను గుండెల నిండా పీల్చాను. ఏ గుడి తీర్థాన్నీ అంత భక్తిగా తీసుకోలేదు. ఇద్దరం దాన్ని కరుచుకుని ఏడ్చాం. డాక్టరు వచ్చేసరికి దూడ నిలబడి అతని చొక్కా కొస నములుతోంది. అతను సూది వేసి, మమ్మల్ని తిట్టి వెళ్ళాడు.

తిరుపతి ప్రయాణానికి బట్టలు సర్దుతుంటే అత్త నా దగ్గరికి వచ్చింది.

"నాది నున్నగా ఇచ్చేస్తా. నువ్వు ఆఫీసుకు పొయ్యేదానివి. మూడు కత్తెర్లు ఇస్తే చాలు, ఆయన ఏమీ అనుకోడు."

"ఆ రోజు మూడు కత్తెర్లని చెప్పలేదు కదా అత్తా."

"గడబిడలో యాడ చెప్తారు మే? నీకు పెద్దగా నమ్మకం గూడా లేదు గదా."

"ఉందో లేదో నాకూ తెలియదు. అడగడం మాత్రం నిజంగా అడిగాను."

అత్త నా చీర మడత పెట్టి సంచిలో సర్దింది.

కొండ దిగి ఇంటికొచ్చాం. మా ఆయన తెలివైనవాడు, నవ్వలేదు. ఇద్దరం నేరుగా కొట్టంలోకి వెళ్ళాం. రెండు నున్నటి గుండ్లు చూసి దూడ బెదిరి తల్లి వెనక దాక్కుంది. అత్త నేల మీద చతికిలబడి, రెండు చేతులూ చాచి, "రా నా తల్లీ, మేమేలే" అంది. నేనూ పక్కనే కూర్చున్నాను. అది మెల్లగా వచ్చి, వాసన చూసి, గరుకు నాలుకతో మెడ నుంచి నుదుటిదాకా నా తలంతా నాకింది. చురుక్కుమంది, అయినా కదల్లేదు.

"నాకు గూడా" అని అత్త తల వంచింది.